పాస్తా పొయ్యి దించాక రెండు గంటలే కీలకం

సంపాదకులకు నమస్కారం.

పత్రికల వంటల పేజీల్లో పాస్తా ఇప్పుడు ఉప్మా అంత మామూలైపోయింది. వైట్ సాస్‌తో, రెడ్ సాస్‌తో, చికెన్ కీమాతో, పనీర్‌తో వారానికో రకం వస్తోంది. చాలావాటి చివర ‘మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టుకుని నెలంతా వాడుకోవచ్చు’ అని ఒక్క ముక్క ఉంటుంది. వండిన ఎంతసేపట్లో పెట్టాలి, ఎంత మందాన సర్దాలి, లోపల ఎంత చల్లగా ఉండాలి, తీశాక ఎంత వేడి చేయాలి అన్నవి మాత్రం ఉండవు. ఆహార శాస్త్రం బోధించేవాళ్లుగా ఆ లోటు తీర్చాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పెద్దదే. పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి కాబట్టి పూర్తిగా ప్రచురించమని కోరుతున్నాం.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఫ్రీజర్ క్రిములను చంపుతుందని చాలామంది నమ్మకం. చంపదు. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతుంది, అంతవరకే. గడ్డ కరిగి వెచ్చబడితే ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. లోపలికి వెళ్లేటప్పుడు పాస్తా ఎంత శుభ్రంగా ఉందో, బయటికొచ్చేటప్పుడూ అంతే ఉంటుంది, అంతకన్నా మెరుగవదు. కాబట్టి పాస్తా మంచిదా కాదా అన్నది గిన్నె పొయ్యి దిగిన దగ్గర్నుంచి ఫ్రీజర్ తలుపు పడేలోపే తేలిపోతుంది. ఆ మధ్య సమయాన్నే మన ఇళ్లలో ఎవరూ లెక్కపెట్టరు.

ఎందుకింత పట్టింపు అంటే, పాస్తా, అన్నం, సేమ్యా, నూడుల్స్ వంటి పిండి వంటకాలకు బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాతో ప్రత్యేకమైన పేచీ ఉంది. అది మట్టిలో ఉంటుంది, ధాన్యంతో పాటు మన వంటింటికి వస్తుంది. మరిగే నీళ్లలో మామూలు క్రిములు చచ్చిపోతాయి కానీ దీని సిద్ధబీజాలు, అంటే గట్టి పొర కప్పుకుని నిద్రాణంగా ఉండే రూపాలు, బతికి బయటపడతాయి. వండిన పాస్తా గోరువెచ్చగా ఉన్న వేళ అవి మొలకెత్తి వేగంగా పెరుగుతాయి. 28 నుంచి 37 డిగ్రీలంటే వాటికి మహా ఇష్టం. అంటే సరిగ్గా మన వంటింటి గాలి. వీటిలో కొన్ని రకాలు పెరుగుతూ సెరియులైడ్ అనే విషాన్ని వదులుతాయి. అది ఒకసారి పాస్తాలో చేరితే 121 డిగ్రీల వేడికి కూడా విరగదు. ప్రెజర్ కుక్కర్‌లో పెట్టినా పోదు, ఫ్రీజర్‌లో గడ్డకట్టించినా పోదు. వాసన లేదు, రుచి మారదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. ఎక్కువమంది ఒక రోజులో తేరుకుంటారు. అరుదుగా మాత్రం కాలేయం దెబ్బతింటుంది.

అలా వైద్య పత్రికల్లో నమోదైన అరుదైన సందర్భాల్లో రెండు చెబుతాం. రెండూ బెల్జియంలోనివే, రెండూ పాస్తా వల్లే. 2003లో ఒక కుటుంబం పిక్నిక్ కోసం పాస్తా సలాడ్ చేసుకుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల తర్వాత పిల్లలకు పెట్టారు. అయిదుగురు పిల్లలూ జబ్బుపడ్డారు, ఏడేళ్ల పాప చనిపోయింది. ఆ ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత కొలిస్తే 14 డిగ్రీలు ఉంది. 2008లో బ్రస్సెల్స్‌లో ఇరవై ఏళ్ల విద్యార్థి అయిదు రోజుల క్రితం వండి, వంటింట్లోనే బయట ఉంచిన స్పగెట్టీని మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని తిన్నాడు. ఆ రాత్రే ప్రాణం పోయింది. మొదటి ఇంట్లో ఫ్రిజ్ ఉంది, చాలినంత చల్లదనం లేదు. రెండో చోట మళ్లీ వేడి చేయడం జరిగింది, ఫలితం లేకపోయింది. ‘వేడి చేస్తే సరిపోతుందిలే’ అనుకునే ప్రతి ఇంటికీ ఈ రెండు సంగతులూ తెలియాలి.

మరి చద్దన్నం తినడం లేదా అని అడిగేవాళ్లుంటారు. రాత్రంతా నీళ్లలో నానే చద్దన్నం పులుస్తుంది. ఆ పులుపులో ఈ బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగలేదు. పాలూ వెన్నా వేసిన పాస్తాలో ఆ పులుపు రక్షణ ఉండదు, పైగా తేమ, పిండి, మాంసకృత్తులు అన్నీ పుష్కలం. రెండింటినీ ఒక గాటన కట్టకూడదు.

వండిన ఆహారం 5 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకు మించి ఉండకూడదన్నది ఆహార భద్రతలో పాత నియమం. దానికే ఇంకో షరతు ఉంది, అది మన దగ్గర ఎవరికీ గుర్తుండదు. చుట్టూ గాలి 32 డిగ్రీలు దాటితే ఆ రెండు గంటలు ఒక గంటకు తగ్గిపోతాయి. రామగుండంలో, రెంటచింతలలో, విజయవాడలో మార్చి నుంచి జూన్ దాకా మిట్టమధ్యాహ్నం వంటిల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. పొయ్యి వెలిగే గదిలో శీతాకాలపు మధ్యాహ్నాలు కూడా కొన్నిసార్లు 32 దాటతాయి. అందుకని తెలుగు ఇళ్లకు ఒక గంట లెక్కే సరైనదని మా అభిప్రాయం. రెండు గంటలన్నది చలి రోజుల్లో దొరికే అదనపు వెసులుబాటు అనుకోవాలి.

ఇక్కడే రెండో అపోహ అడ్డొస్తుంది. వేడిది ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుందని, పూర్తిగా చల్లారేదాకా గిన్నె మీద మూతపెట్టి గట్టు మీద వదిలేస్తారు. అయిదు లీటర్ల గిన్నె నిండా ఉన్న పాస్తా మూతతో ఉంటే నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. అలాగని పొగలొస్తున్న గిన్నెను నేరుగా ఫ్రీజర్‌లోకి తోయడం కూడా తప్పే. దాని ఆవిరికి పక్కనున్న పొట్లాలు మెత్తబడతాయి, పైన మంచు పేరుకుంటుంది, పాస్తా అంచులు గడ్డకట్టినా నడుమ వేడి అలాగే మిగులుతుంది. చేయాల్సింది త్వరగా చల్లార్చడం. దానికి కావాల్సినవన్నీ ఇంట్లోనే ఉంటాయి.

పాస్తా దించగానే వెడల్పాటి స్టీలు పళ్లేల్లో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరవండి. ఎట్టి పరిస్థితిలోనూ అయిదు సెంటీమీటర్లు దాటనివ్వొద్దు. ఈగలు వాలకుండా జాలీ మూత పెట్టి ఫ్యాను కింద ఉంచండి. సాస్ విడిగా ఉంటే పెద్ద బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, రెండు ట్రేల ఐసు ముక్కలు వేసి, సాస్ గిన్నెను అందులో దింపి గరిటెతో కలుపుతూ ఉండండి. కదలకుండా ఉంచిన సాస్ అంచుల్లోనే చల్లబడుతుంది, కలిపితే మొత్తం ఒకేలా దిగుతుంది. లీటరు సాస్ అయితే పదిహేను ఇరవై నిమిషాల్లో గోరువెచ్చదనానికి వస్తుంది. బేసిన్ నీళ్లు వెచ్చబడితే మార్చాలి. గిన్నె అడుగు చేతికి వెచ్చగా తగలకపోతే, పూటకు సరిపడా వాటాలు చేసి, మూత వదులుగా పెట్టి, గంటసేపు ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. బాగా చల్లబడ్డాక మూత బిగించి ఫ్రీజర్‌లోకి మార్చాలి. ఇదంతా కలిపి గంటన్నర పని, అందులో మనం నిలబడి చేసేది అరగంట కూడా ఉండదు.

కీమా సాస్‌కు ఇంకొంచెం తొందర కావాలి. మాంసపు వంటకాల్లో క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే ఇంకో బ్యాక్టీరియా సిద్ధబీజాలు కూడా ఉడుకు తట్టుకుంటాయి. 43 నుంచి 47 డిగ్రీల దగ్గర, గాలి ఆడని లోతైన గిన్నె నడుమ, అది సుమారు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. పెళ్లిళ్లలో, హాస్టళ్లలో పెద్ద గుండిగల్లో మిగిలిన మాంసం కూరలు తెల్లారేసరికి ప్రమాదంగా మారేది ఎక్కువగా దీనివల్లే. ఇంట్లో కిలో కీమా వండినా లోతు తక్కువ గిన్నెల్లోకి సర్దేయడమే మంచిది.

ఇక పాస్తా ఉడికించే తీరు. ఫ్రీజర్‌కు వెళ్లే పాస్తాను వెంటనే తినే పాస్తాలా ఉడికిస్తే కరిగాక ముద్దవుతుంది. నూరు గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు చొప్పున తెర్లించి, ప్యాకెట్ మీద రాసిన సమయం కన్నా రెండు నిమిషాలు ముందే దించాలి. ఒక ముక్కను అడ్డంగా కోస్తే మధ్యలో తెల్లటి చుక్క సన్నగా కనిపించాలి. మిగతా ఉడుకు మళ్లీ వేడి చేసేటప్పుడు పూర్తవుతుంది. ప్యాకెట్ వెనక దేనితో చేశారో కూడా చదవండి. డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేసినదైతే అందులోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పిండిని గట్టిగా పట్టి ఉంచుతుంది, గడ్డకట్టి కరిగినా ఆకారం నిలుస్తుంది. మామూలు గోధుమ రవ్వతోనో మైదాతోనో చేసిన మాకరోనీ తక్కువ ధరకు దొరుకుతుంది, అప్పటికప్పుడు తినడానికి బాగానే ఉంటుంది, ఫ్రీజర్‌కు మాత్రం నిలవదు. ఆకారాల్లో గొట్టాల్లాంటి పెన్నె, మెలికల ఫుసిల్లీ, గవ్వల పాస్తా బాగా తట్టుకుంటాయి. సన్నటి స్పగెట్టీ ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే విరుగుతుంది.

సాస్ లేకుండా ఉత్త పాస్తా దాచాలనుకుంటే ఉడుకు ఆపడానికి చల్లటి నీళ్లతో కడగాలి. ఈ మాట విదేశీ వంటల్లో కూడా ఉంటుంది, అయితే అక్కడి కొళాయి నీళ్లు నేరుగా తాగేవి. మన దగ్గర మున్సిపల్ కొళాయి నీళ్లో, సంపు నీళ్లో పోస్తే ఉడికి శుభ్రమైన పాస్తాకు కొత్త క్రిములను మనమే అంటించినట్టు. ఫిల్టర్ నీళ్లు గానీ, కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లు గానీ వాడండి. తర్వాత చిల్లుల గిన్నెలో నీరు పూర్తిగా ఓడ్చి, పావుకిలో ఎండు పాస్తా లెక్కకు ఒక టేబుల్‌స్పూను నూనె పట్టించాలి. కలపడానికి చెయ్యి వద్దు, గరిటె వాడండి. చేతి మీది చిన్న గాటు, మొటిమ నుంచి స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా చేరుతుంది, అదీ వేడికి లొంగని విషాన్నే వదిలే రకం.

సాస్‌లలో ఫ్రీజర్‌కు అన్నింటికన్నా అనువైనది టమాటా సాస్. వైట్ సాస్ కరిగాక నీరు ఒకవైపు, ముద్ద ఒకవైపు విడిపోతుంది. మైదాలోని పిండి ఉడికేటప్పుడు పట్టుకున్న నీటిని, గడ్డకట్టి కరిగేటప్పుడు వదిలేస్తుంది. అది పాడైపోవడం కాదు, చూపుకే బాగోదు. అరకప్పు పాలు పోసి సన్న సెగ మీద విస్క్‌తో కొడితే చాలావరకు కలుస్తుంది. విడిపోకుండా ముందే జాగ్రత్త పడాలంటే మైదాలో సగం తగ్గించి ఆ మేరకు జిగురు బియ్యప్పిండి వేసుకోవచ్చు. తురిమిన చీజ్ వేడి చేశాక చల్లుకోవడమే మేలు. మయోనైజ్ కలిపిన సలాడ్, పెరుగు వేసిన సాస్, ఉడికించిన గుడ్డు ముక్కలు, కీర, బంగాళదుంప ముక్కలు ఫ్రీజర్‌కు పనికిరావు. మయోనైజ్ విరుగుతుంది, గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది, దుంప ఇసుకలా తగులుతుంది. పనీర్ తినొచ్చు కానీ స్పాంజిలా పీచుపీచుగా అవుతుంది. మిరియాలు, లవంగం, వెల్లుల్లి, క్యాప్సికం ఘాటు ఫ్రీజర్‌లో పెరిగి చేదు తిరుగుతుంది. దాచే సాస్‌లో వాటిని సగమే వేసి, మిగతాది తినే రోజు సరిచేసుకోండి.

పాస్తాను సాస్‌లో కలిపి దాచాలా, విడిగా దాచాలా అంటే విడిగానే అంటాం. కలిపి ఉంచితే గడ్డకట్టేలోపు, మళ్లీ కరిగేటప్పుడు కూడా పాస్తా సాస్‌లోని నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. చోటు లేక కలిపి పెట్టక తప్పకపోతే సాస్ మామూలు కన్నా పలచగా, పాస్తా ఇంకొంచెం పలుకుగా ఉంచాలి. లజానియా లాంటి పొరల వంటకం మాత్రం కలిపే దాచాలి. బేకింగ్ గిన్నెలో ముందు బటర్ పేపర్ పరిచి సర్ది, గడ్డకట్టాక దిమ్మలా పైకి లేపి సంచిలో వేస్తే గిన్నె ఖాళీ అవుతుంది.

డబ్బాల సంగతి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. సాస్ డబ్బాలో పైన రెండు సెంటీమీటర్లయినా ఖాళీ వదలకపోతే మూత లేస్తుంది, మెడ సన్నగా ఉన్న గాజు సీసా అయితే పగులుతుంది. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాలు, ఫ్రీజర్‌కని అమ్మే మందపాటి జిప్ సంచులు మంచివి. స్టీలు డబ్బా కూడా నిక్షేపంగా పనిచేస్తుంది, మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకూడదు. అల్యూమినియం రేకులో టమాటా సాస్ వద్దు, పులుపు రేకును తినేస్తుంది. పలచటి క్యారీ కవర్లు, పెరుగు డబ్బాలు, న్యూస్‌పేపర్ అసలే వద్దు. అచ్చు సిరా ఆహారానికి అంటుతుందని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా హెచ్చరించింది. జిప్ సంచిలో మూడు వందల గ్రాములు వేసి, గాలి బయటికి నొక్కి, పుస్తకంలా చదునుగా రెండు సెంటీమీటర్ల మందాన పడుకోబెడితే త్వరగా గడ్డకడుతుంది, కరగడం కూడా త్వరగానే. గాలి మిగిలితే పాస్తాలోని తేమ మంచు రూపంలోనే ఆవిరై, పైన తెల్లటి ఎండు మచ్చలు పడతాయి. అవి హానికరం కాదు, రుచి మాత్రం అట్టముక్కే. సంచి మీద వండిన తేదీ, వంటకం పేరు రాయడానికి పర్మనెంట్ మార్కర్ వాడండి. బాల్‌పెన్ రాత ప్లాస్టిక్ సంచి మీద సరిగా నిలవదు.

ఇప్పుడు ఫ్రీజర్ దగ్గరికి వద్దాం. మన దేశంలో ఫ్రిజ్ కొనేటప్పుడు అందరూ చూసే స్టార్లు కరెంటు పొదుపువి. ఫ్రీజర్ ఎంత చల్లబడుతుందో వాటితో సంబంధమే లేదు. అయిదు స్టార్ల ఫ్రిజ్ కదా, ఫ్రీజర్ కూడా గట్టిదే అనుకోవడం పొరపాటు. ఫ్రీజర్ చల్లదనానికి వేరే నక్షత్రపు గుర్తులు ఉంటాయి, చాలాసార్లు ఫ్రీజర్ తలుపు మీదో, కూడా వచ్చే పుస్తకంలోనో. ఒక నక్షత్రం అంటే మైనస్ 6 డిగ్రీలు, ముందే గడ్డకట్టిన వస్తువు వారం ఉంటుంది. రెండు అంటే మైనస్ 12, నెల రోజులు. మూడు అంటే మైనస్ 18, మూడు నెలలు. ఒక పెద్ద నక్షత్రం పక్కన మూడు చిన్నవి ఉంటేనే ఆ అర తాజా వంటకాన్ని గడ్డకట్టించడానికి తయారైనదని అర్థం. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో పైన ఉండే చిన్న ఐసు అరలు చాలావరకు ఐసు కోసం, కొనుక్కొచ్చిన గడ్డ బఠానీల కోసం. అలాంటి అర ఉన్నవాళ్లు పాస్తాను వారానికి మించి దాచకపోవడం మంచిది. నక్షత్రాలు కనిపించకపోతే ఒక ఫ్రిజ్ థర్మామీటర్ కొని, పొట్లాల మధ్య ఒక రాత్రి ఉంచి ఉదయాన్నే చూడండి. అదీ వద్దనుకుంటే ఐస్‌క్రీమ్ చూడండి. చెంచా సులువుగా దిగేంత మెత్తగా ఉందంటే లోపల మైనస్ 18 లేనట్టే. కింది అరల్లో అయిదు డిగ్రీలు దాటకూడదన్నది కూడా అదే థర్మామీటర్‌తో తేలుతుంది. బెల్జియం పాప ఇంటి ఫ్రిజ్ అక్కడే తప్పింది.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు పేరుకుందని డీఫ్రాస్ట్ బటన్ నొక్కేముందు పాస్తా పొట్లాలు తీసి ఐసుతో పాటు థర్మోకోల్ పెట్టెలో పెట్టాలి. లేకపోతే మంచుతో పాటు అవీ కరిగి, మళ్లీ గడ్డకడతాయి, బయటికి ఏమీ తెలియదు.

కరెంటు కోతలకు ఒక లెక్క ఉంది. తలుపు తెరవకపోతే నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. ఇవి విడి ఫ్రీజర్ల అంకెలు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న అర అందులో చాలా తక్కువకే చేతులెత్తేస్తుంది, అందుకే ఖాళీ చోట్లలో నీళ్ల సీసాలు గడ్డకట్టించి ఉంచుకుంటే కొంత సాయం. తుపాను రోజుల్లో, ఊరెళ్లినప్పుడు ఎంతసేపు కరెంటు పోయిందో తెలియదు. ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చి చూసేసరికి బిళ్ల అడుక్కి దిగి ఉంటే, మధ్యలో అంతా కరిగి మళ్లీ గట్టిపడిందని తెలుస్తుంది. అప్పుడు పాస్తా పారేయాల్సిందే. పాస్తాలో ఇంకా మంచు పలుకులు ఉంటే తిరిగి గడ్డకట్టించుకోవచ్చు, ప్రమాదం లేదు, రుచే కొంత తగ్గుతుంది. మెత్తబడి వెచ్చగా ఎంతసేపు ఉందో తెలియని దాన్ని రుచి చూసి తేల్చుకోవాలనుకోవద్దు.

తీసేటప్పుడు గట్టు మీద పెట్టి కరిగించకూడదు. అంచులు గది వేడికి వచ్చేస్తాయి, నడుమ ఇంకా గడ్డగానే ఉంటుంది. ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దింపుకోవాలి. తొందరుంటే నీరు చొరబడని సంచిని చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. చదునుగా గడ్డకట్టిన సంచి అయితే అసలు కరిగించనక్కర్లేదు. బాణలిలో రెండు మూడు చెంచాల నీళ్లు పోసి, పలకను అలాగే వేసి, మూతపెట్టి సన్న సెగ మీద ఉంచితే పది నిమిషాల్లో తయారు. ఉత్త పాస్తాను తెర్లే నీళ్లలో ఒకటి ఒకటిన్నర నిమిషం వేసి తీస్తే చాలు. మైక్రోవేవ్‌లో కరిగిస్తే ఆగకుండా అప్పుడే పూర్తిగా వేడి చేసేయాలి. ఏ దారిలోనైనా నడిమి భాగం 74 డిగ్రీలకు చేరాలి, అంటే సాస్ అంచుల్లోనే కాక మధ్యలో కూడా కుతకుత ఉడకాలి. మైక్రోవేవ్ ఒకచోట మండించి ఇంకోచోట చల్లగా వదిలేస్తుంది కాబట్టి సగంలో ఆపి కలిపి, మళ్లీ పెట్టి, దించాక రెండు నిమిషాలు మూతతో ఉంచాలి. ఆ పూట తినేంతే వేడి చేయండి. వేడి చేసి మిగిలింది రెండోసారి ఫ్రీజర్‌కు వెళ్లకూడదు. గర్భిణులకు, పసిపిల్లలకు, పెద్దవాళ్లకు ఈ 74 డిగ్రీల నియమంలో సడలింపు లేదు, ఎందుకంటే లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది.

మమ్మల్ని అన్నింటికన్నా కలవరపెట్టేది బడి క్యారియర్. ఫ్రీజర్ పాస్తా ఉదయం ఆరింటికి వేడి చేసి, కాస్త ఆరబెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఏడున్నరకు బస్సెక్కిస్తారు. పిల్లలు తినేది పన్నెండున్నరకు. అంటే ఆరు గంటలకు పైగా అది ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల మధ్య ఉంటుంది. ఫ్రీజర్‌లో తీసుకున్న జాగ్రత్త అంతా అక్కడ వృథా. పాస్తా పంపాలంటే వేడి నిలిపే స్టీలు ఫ్లాస్కు లాంటి డబ్బా ఉండాలి. దాన్ని ముందు మరిగే నీళ్లతో నింపి పది నిమిషాలు ఉంచి వంపేయాలి. పాస్తాను పొగలొస్తుండగానే, అంచుదాకా నింపి, వెంటనే బిగించాలి. సగం నింపితే వేడి నిలవదు. ఒక ఆదివారం ఇంట్లోనే అలా నింపి, మధ్యాహ్నం తెరిచి థర్మామీటర్ గుచ్చి చూడండి. 60 డిగ్రీలకు తక్కువ చూపిస్తే ఆ డబ్బా పాస్తాకు పనికిరాదు. అలాంటి డబ్బా లేని పిల్లలకు పులిహోరో, చపాతీయో పెట్టి, పాస్తాను సాయంత్రం ఇంటికొచ్చాక పెట్టండి.

డాలస్‌లో, న్యూజెర్సీలో చదువుకుంటూ, ఉద్యోగాలు చేస్తూ ఆదివారం వండి వారమంతా తినే మన పిల్లలకు ఫ్రీజర్ చలి గురించి బెంగ తక్కువ, అక్కడివి చాలావరకు మైనస్ 18 దగ్గరే నడుస్తాయి. వాళ్లు తప్పేది చల్లార్చే దగ్గరే. బయట మంచు కురుస్తున్నా హీటర్ వేసిన గది ఇరవై రెండు డిగ్రీలుంటుంది, పెద్ద కుండ పాస్తా రాత్రంతా స్టవ్ మీదే ఉంటుంది. వాళ్లతో ఫోనులో మాట్లాడేటప్పుడు వండావా, తిన్నావా అని అడగడంతో పాటు ఎన్నింటికి ఫ్రిజ్‌లో పెట్టావు అని కూడా అడగండి. ఫ్రిజ్‌లో ఉంచుకునేదైతే మూడు, నాలుగు రోజులే. అంతకు మించి తినాలనుకునే వాటాలు వండిన రోజే ఫ్రీజర్‌కు వెళ్లాలి, నాలుగో రోజు గుర్తొచ్చాక కాదు.

ఎన్నాళ్లు దాచొచ్చు అన్నదానికి మా సమాధానం. మైనస్ 18 ఎడతెగకుండా నిలిచే ఫ్రీజర్‌లో భద్రతకు గడువంటూ లేదు, రుచికి ఉంది. టమాటా సాస్ పాస్తా రెండు మూడు నెలలు, ఉత్త పాస్తా రెండు నెలలు, వైట్ సాస్‌ది ఒక నెల బాగుంటుంది. కరెంటు వచ్చిపోయే మన ఊళ్లలో మాత్రం దేనికైనా నెల రోజులే గడువు పెట్టుకోమంటాం.

సంపాదకులకు ఒక విన్నపం. వంటకం కింద కావలసిన పదార్థాల పట్టిక వేసినట్టే, ‘దాచాలంటే’ అని నాలుగు వరుసలు కూడా వేయించండి. ఎంతసేపట్లో చల్లార్చాలి, ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు, ఫ్రీజర్‌లో ఎన్ని వారాలు, వేడి చేసేటప్పుడు ఎంతవరకు. వంటకాలు పంపే పాఠకులను కూడా ఆ నాలుగు వరుసలు రాసి పంపమనండి. సరిచూసి ఇవ్వడానికి మాలాంటి అధ్యాపకులు చాలా జిల్లాల్లో హోమ్ సైన్స్, ఫుడ్ టెక్నాలజీ విభాగాల్లో ఉన్నారు.

ఇట్లు,
ఆహార శాస్త్రం బోధించే ఇద్దరు అధ్యాపకులు,
గుంటూరు.